పక్క స్థలంలో మూడిళ్ళు, చేతికి సంతకాల కాగితం

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ, సత్యనారాయణపురం. పదిహేనేళ్ళుగా టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటున్నాం. 2022 ఫిబ్రవరిలో, జనం పోటీలు పడి కొంటున్న రోజుల్లో, ఉత్తర ఆస్టిన్‌లో 1960ల నాటి ఇల్లొకటి కొన్నాం. అడిగిన రేటుకి పైన ఇంకొంత పెట్టి మరీ కొన్నాం. ఎనిమిది వేల చదరపు అడుగుల స్థలం, పక్కింటి కంచెకి ఆనుకుని పెద్ద పెకాన్ చెట్టు. పక్కింటి పెద్దాయన పోయాక పిల్లలు ఆ ఇల్లు బిల్డర్‌కి అమ్మేశారు. పాతది కూల్చి మూడిళ్ళు కడతారట. దాన్ని ఆపాలని ఎదురింటావిడ వీధంతా తిరిగి సంతకాలు తీసుకుంటోంది. మేం ఇంట్లో దిగిన రోజే కేక్ చేసి తెచ్చిన మనిషి. పెట్టనంటే రేపు ఆవిడ మొహం ఎలా చూడాలి? మా ఆవిడేమో "పెట్టారంటే ఊరుకోను" అంటోంది. అద్దెకున్న రోజుల్లో లీజు రెన్యువల్ కాగితం వచ్చినప్పుడల్లా మనం పడ్డ టెన్షన్ గుర్తు లేదా అని. ఊరి శివార్లలో లియాండర్‌లో ఉండే మా బావమరిది "అప్పుడే వద్దన్నాను, అమ్మేసి ఇటు వచ్చేయండి" అంటున్నాడు. రాష్ట్రం రిపబ్లికన్లది, సిటీ డెమొక్రాట్లది కాబట్టి ఇలా మూడిళ్ళు కట్టనిచ్చే సిటీ రూల్‌ని ఎలాగూ రాష్ట్రం కొట్టేస్తుందని ఆఫీసులో ఒకాయన అన్నాడు. కొన్న రేటుకన్నా ఇప్పటికే తగ్గింది. ఇంకా తగ్గుతుందా? ఏం చెయ్యమంటారు?
ఆర్., ఆస్టిన్

సమాధానం:

ఆర్. గారూ,

ముందు సంతకం సంగతి తేల్చేద్దాం, మీ ఉత్తరంలో అన్నిటికన్నా చిన్న విషయం అదే. ఆ కాగితానికి చట్టంలో బలం లేదు. వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ సంతకం పెట్టినా ఆ మూడిళ్ళు ఆగవు.

అలాగని ఎదురింటావిడ తెలివితక్కువ మనిషేం కాదు. ఆవిడ నమ్మకానికి కారణం ఉంది. టెక్సాస్ చట్టంలో ఒక పాత ఏర్పాటు ఉంది. ఏదైనా స్థలానికి జోనింగ్, అంటే అక్కడ ఏం ఎంత కట్టొచ్చన్న సిటీ నిబంధన, మార్చాలంటే, చుట్టూ 200 అడుగుల లోపు భూమిలో 20 శాతానికి యజమానులైనవాళ్ళు లిఖితంగా వ్యతిరేకిస్తే, కౌన్సిల్లో మామూలు మెజారిటీ చాలదు, నాలుగింట మూడు వంతుల ఓట్లు రావాలి. ఆస్టిన్‌లో ఏళ్ళ తరబడి ఎన్నో ప్రాజెక్టుల్ని ఆపింది ఈ సంతకాలే. ఊరు మొత్తానికీ కొత్త నిర్మాణ నియమావళి రాయాలని 2012లో మొదలుపెట్టిన కోడ్‌నెక్స్ట్‌ని గొడవలు భరించలేక 2018 ఆగస్టులో వదిలేశారు. మళ్ళీ 2019లో ఎత్తుకున్నారు. ఈసారి కొంతమంది యజమానులు కోర్టుకి వెళ్ళారు, "మాకు విడివిడిగా నోటీసు ఇవ్వలేదు, మా అభ్యంతరాలు లెక్కలోకి తీసుకోలేదు" అని. 2020లో జడ్జి వాళ్ళ పక్షానే తీర్పు చెప్పారు, 2022లో అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. అవన్నీ చూసిన మనిషికి సంతకాలంటే నమ్మకం ఉండటంలో వింతేముంది?

అయితే సిటీ కూడా ఆ దెబ్బతో పాఠం నేర్చుకుంది. ఈసారి యజమానులకి నోటీసులు పంపారు. ఓట్లు కూడా లెక్క చూసుకున్నారు. మేయరుతో కలిపి కౌన్సిల్లో 11 మంది. నాలుగింట మూడు వంతులంటే కనీసం తొమ్మిది. హోమ్ అని పిలిచే ఆ నియమం 2023 డిసెంబర్ 7న 9-2తో నెగ్గింది. దాంతో ఒక కుటుంబం ఇల్లు కట్టుకునే స్థలంలో మూడిళ్ళ దాకా కట్టుకోవచ్చన్నది హక్కయిపోయింది. బిల్డర్ ఇప్పుడు జోనింగ్ మార్చమని ఎవరినీ అడగక్కర్లేదు, పర్మిట్ తీసుకుంటే చాలు. జోనింగ్ మార్పే లేనప్పుడు దాని మీద అభ్యంతరం అన్న ప్రశ్నే రాదు. పైగా 2025లో రాష్ట్ర శాసనసభ చట్టాన్నే మార్చింది. కొత్తగా ఇళ్ళు పెరిగే జోనింగ్ మార్పుల మీద చుట్టుపక్కలవాళ్ళ అభ్యంతరం లెక్కలోకి రావాలంటే ఇప్పుడు 20 శాతం సరిపోదు, 60 శాతం కావాలి.

మీరు సంతకం పెట్టినా, మానినా పక్క స్థలంలో జరిగేది ఒకటే. మారేదల్లా మీ ఇంట్లో మీ ఆవిడ మొహం, ఎదురింట్లో కేక్ ఆవిడ మొహం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు అక్కడ ఏం లేవబోతోందో చూద్దాం. మూడిళ్ళనగానే మీ కళ్ళముందు మన సత్యనారాయణపురం కదిలి ఉంటుంది: డాబా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం, ప్రహరీ దాకా పునాది, అయిదంతస్తులు, పైన పెంట్‌హౌస్, మోటారు కోసం వాచ్‌మన్‌తో రోజూ గొడవ. ఇక్కడ అంత సీన్ లేదు. మీ పక్క స్థలం కూడా మీ అంతే ఉందనుకుందాం, ఎనిమిది వేలు. ఆ స్థలంలో ఒక్క ఇల్లే కడితే స్థలం విస్తీర్ణంలో 0.4 వంతు, అంటే 3,200 చదరపు అడుగుల దాకా కట్టుకోవచ్చు. రెండయితే 0.55. మూడయితే 0.65, అన్నీ కలిపి 5,200. ఒక్కోటి సగటున 1,700 చిల్లర. ఇల్లు, సిమెంటు, రాళ్ళు, డ్రైవ్‌వే ఇలా నీరు ఇంకని చోటంతా కలిపి 45 శాతం దాటకూడదన్న పాత నిబంధన అలాగే ఉంది. ఇంకో మాట, మీరు కొన్నప్పుడే అక్కడ రెండిళ్ళకి వీలుండేది. మీ స్థలం ఎస్ఎఫ్-3 అనే రకం జోనింగ్ అయితే డూప్లెక్స్, అంటే ఒకే కట్టడంలో రెండిళ్ళు, ఎప్పటినుంచో కట్టుకోవచ్చు. మీ ఏజెంటు ఆ మాట చెప్పి ఉండడు.

హోమ్ రాకపోతే ఆ పాత ఇల్లు అలాగే ఉండేదా? ఉండేది కాదు. అదే బిల్డర్ దాన్ని కూల్చి ఒకే ఒక్క మూడువేల అడుగుల ఇల్లు కట్టి, మీరూ నేనూ కొనలేని రేటుకి అమ్మేవాడు. ఉత్తర ఆస్టిన్ పాత వీధుల్లో పదిహేనేళ్ళుగా జరుగుతున్నది అదే. ఆ తెల్ల గోడలు, నల్ల కిటికీల పెద్ద ఇళ్ళకి ఎవరూ సంతకాలు సేకరించలేదు.

2024 మేలో ఇంకో అడుగు వేశారు. ఒక ఇంటికి కనీసం 5,750 చదరపు అడుగుల స్థలం ఉండాలన్నది 1,800కి దించారు. దానికి ముందు 2023 నవంబర్‌లో కొత్త కట్టడాలకి ఇన్ని పార్కింగ్ స్థలాలు ఉండాలన్న నిబంధనని దాదాపు ఊరంతా ఎత్తేశారు. అమెరికాలో అంత పెద్ద నగరమేదీ అప్పటికి ఆ పని చెయ్యలేదు. ఇది మాత్రం మీ వీధిలో తెలుస్తుంది. ఆ మూడిళ్ళవాళ్ళ కార్లు కొన్ని రోడ్డు మీద పెడతారు. మీ పిల్లాడి పుట్టినరోజుకి వచ్చే చుట్టాలు కాస్త దూరంలో పెట్టుకుని నడవాలి. ఆ ఇబ్బంది లేదని నేను అబద్ధం చెప్పను. బిల్డరు కట్టే ఏడాది ఏడాదిన్నర దుమ్ము, పొద్దున్నే మేకుల చప్పుడు కూడా తప్పవు.

ఇక ఎదురింటావిడ.

ఆవిడకి మంచి మాటలతోనే "కాదు" చెప్పండి. సంతకం పెట్టి ఇంటికొచ్చి పెట్టలేదని మీ ఆవిడతో అనడమో, ఎదురింటావిడ బెల్లు కొట్టినప్పుడల్లా వంటింట్లో దాక్కోవడమో వద్దు. మనవాళ్ళలో ఆ రెండో పద్ధతి ఎక్కువ, నాకు తెలుసు. నేనూ చేశాను. మీరు ఎందుకు పెట్టరో ఆవిడకి చెప్పాలంటే ముందు మీకు తెలియాలి. అందుకు మీ ఆవిడ అన్న మాటే సరిపోతుంది, కానీ ఆ మాట వెనక ఈ ఊరి చరిత్ర కొంత ఉంది. అది తెలిస్తే ఇంకా గట్టిగా నిలబడగలరు.

1928లో ఆస్టిన్ ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. నల్లవాళ్ళ బడులు, పార్కులు అన్నీ తూర్పువైపే పెడితే వాళ్ళే అటు పోతారని అందులో రాసుకున్నారు. అన్నట్టే జరిగింది. పడమర క్లార్క్స్‌విల్‌లో 1871 నుంచి, అంటే బానిసత్వం పోయిన కొత్తలోనే వాళ్ళు కట్టుకున్న పేట ఒకటి ఉండేది. దానికీ సౌకర్యాలు లేకుండా చేశారు. తర్వాత తూర్పు పడమరల మధ్య ఐ-35 హైవే వచ్చి ఆ గీతని సిమెంటుతో ఖాయం చేసింది. 1968లో కౌన్సిల్, ఇల్లు అమ్మేటప్పుడూ అద్దెకిచ్చేటప్పుడూ జాతి చూడకూడదని నగర చట్టం చేసింది. ఏమైందనుకున్నారు? సంతకాలు సేకరించారు. దాన్ని ఓటింగుకి తెచ్చి, ఆ ఏడాది అక్టోబర్‌లో కొట్టేయించారు. అప్పటికే ఫెడరల్ చట్టం వచ్చేసింది కాబట్టి వివక్షకి గెలుపు పూర్తిగా దక్కలేదు. కానీ మీ ఇల్లు కట్టిన దశాబ్దంలో ఆ ఊళ్ళో జరిగిన సంగతి అది. అప్పట్లో మీలాంటి, నాలాంటి మనిషి ఆ ఇంటి తలుపు తడితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఎదురింటావిడ అలాంటిదని నేననడం లేదు. ఆవిడ కేక్ తెచ్చింది. ఆవిడ భయాలు వేరే: నీడ పోతుంది, పన్ను పెరుగుతుంది, తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అవి నిజమైన భయాలే. హోమ్‌ని వ్యతిరేకించినవాళ్ళలో తూర్పు ఆస్టిన్ పాతకాపులు, నల్లవాళ్ళు, మెక్సికన్ కుటుంబాలవాళ్ళు కూడా ఉన్నారు. స్థలానికి విలువ పెరిగితే బిల్డర్లు మొదట వాలేది మా మీదే అన్నది వాళ్ళ వాదన. అది తీసిపారేసే మాట కాదు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అదే. కానీ మీ వీధి తూర్పు ఆస్టిన్ కాదు, మీ ఎదురింటావిడ ఇల్లు ఉన్నదున్నట్టు అమ్ముకున్నా లక్షల డాలర్లు వస్తాయి.

మీ ఆవిడ గుర్తు చేసిన రోజుల్లోకి ఇంకాస్త వెనక్కి వెళ్ళండి. ఎమ్మెస్ చదివేటప్పుడు ఎంతమంది కలిసి ఉన్నారు? ఇద్దరు బెడ్‌రూంలో, ఇద్దరు హాల్లో, ఒకడు వంటింటి పక్కన పరుపేసుకుని? మేం 2001లో యూనివర్సిటీ షటిల్ బస్సు ఆగే చోట ఒక రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. లీజులో ముగ్గురి పేర్లు, ఇంట్లో అయిదుగురు. మేనేజరు వస్తోందంటే ఇద్దరు లాండ్రీ రూంకి పోయేవాళ్ళు. సొంత ఊళ్ళో టులెట్ బోర్డు కింద "బ్యాచిలర్స్‌కి ఇవ్వబడదు" అని చూసి చూసి వచ్చినవాళ్ళం కాబట్టి అది పెద్ద అవమానం అనిపించలేదు. 2014లో ఈ ఊరి కౌన్సిల్ పాత పేటల్లో కొత్త నియమం పెట్టింది: చుట్టరికం లేని పెద్దవాళ్ళు ఒకే ఇంట్లో అంతవరకూ ఆరుగురు ఉండొచ్చన్నది నలుగురికి తగ్గించారు. ఇళ్ళని దొంగచాటు హాస్టళ్ళు చేస్తున్నారన్నది అప్పటి ఫిర్యాదు. ఆ హాస్టళ్ళలో ఉన్నది మనలాంటి పిల్లలే. 2023 డిసెంబర్‌లో మూడిళ్ళతో పాటు, మనుషులకి చుట్టరికాన్ని బట్టి పెట్టిన ఆ లెక్కనీ తీసేశారు. మీ కాగితం మీద సంతకం పెడితే దానికి కూడా వ్యతిరేకంగా పెట్టినట్టే.

ఆవిడతో ఇలా అనొచ్చు: "మీరు మాకు మొదటిరోజు నుంచీ మంచి ఇరుగుపొరుగు. కానీ మేం ఈ ఊళ్ళో పదేళ్ళు అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్ళం. ఇంకొకళ్ళకి చోటొద్దని సంతకం పెట్టలేను. నీళ్ళ గురించీ, చెట్టు గురించీ మీకున్న బెంగే మాకూ ఉంది. వాటి మీద కలిసి పని చేద్దాం." ఇంగ్లీషులో ఎలా చెబుతారో మీకు తెలుసు. పొడిగించి ఉపన్యాసం ఇవ్వకండి, 1928 గురించి అస్సలు ఎత్తకండి. అది మీ కోసం చెప్పాను.

రాష్ట్రం కొట్టేస్తుందా అన్నారు. మీ ఆఫీసు మిత్రుడి లెక్క చాలా విషయాల్లో కరెక్టే, ఈ ఒక్కదాంట్లో తప్పు.

కరెక్టెక్కడంటే: ఆస్టిన్ ఇళ్ళ విషయంలో ఏదైనా చెయ్యబోతే కాపిటల్ భవనంలో, అంటే రాష్ట్ర శాసనసభలో, ఉన్నవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపడం మామూలే. సిటీ హాలుకీ ఆ గులాబీరంగు రాతి భవనానికీ మధ్య నడిస్తే పావుగంట, మనసులకి మాత్రం చాలా దూరం. అద్దెలకి పరిమితి పెట్టే అధికారం టెక్సాస్‌లో నగరాలకి లేదు, ఏదో విపత్తు వచ్చి గవర్నరు ఒప్పుకుంటే తప్ప. కొత్త ప్రాజెక్టుల్లో ఇన్ని ఇళ్ళు తక్కువ ధరకి అమ్మాలని బిల్డర్లని బలవంతపెట్టడమూ 2005 నుంచి కుదరదు. ప్రభుత్వ అద్దె వోచరుతో వచ్చే పేదల్ని ఇంటి యజమానులు కాదనకూడదని ఆస్టిన్ 2014 డిసెంబర్‌లో చట్టం చేస్తే, 2015లో శాసనసభ దాన్ని చెల్లకుండా చేసింది. ఇల్లు లేనివాళ్ళు బయట గుడారాలేసుకోవడం నేరం కాదని కౌన్సిల్ 2019లో అంటే, 2021 మేలో ఊరి ఓటర్లే దాన్ని తిరగ్గొట్టారు, అదే ఏడాది సెప్టెంబర్ నుంచి రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. ఎండలో పనిచేసే భవన కార్మికులకి నాలుగు గంటలకోసారి పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని 2010లో ఆస్టిన్ నియమం పెట్టింది. 2023లో రాష్ట్రం తెచ్చిన చట్టం అలాంటి స్థానిక నియమాలకే గురిపెట్టింది. దానికి విమర్శకులు పెట్టిన పేరు డెత్ స్టార్. మీ పక్కన ఆ మూడిళ్ళూ కట్టబోయే మేస్త్రీల సంగతే ఇది. జులైలో వాళ్ళకి ఒక చల్లటి నీళ్ళ కేసు కంచె దగ్గర పెట్టండి, ఎవరి చట్టమూ అడ్డురాదు.

అందుకే ఆస్టిన్ బలవంతం చెయ్యలేక బుజ్జగించడం నేర్చుకుంది. "కొన్ని ఇళ్ళు తక్కువ ఆదాయం వాళ్ళకిస్తే ఇంకో రెండు మూడు అంతస్తులు ఎక్కువ కట్టుకోనిస్తాం" అని 2019లో ఒక పథకం. 2018లో 25 కోట్ల డాలర్లు, 2022లో 35 కోట్ల డాలర్లు అలాంటి తక్కువ ధర ఇళ్ళ కోసం బాండ్లుగా అప్పు తెచ్చుకోవడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. పాత విమానాశ్రయం 1999లో మూతపడిన చోట లేచిన మ్యూలర్ పేట ఎప్పుడైనా చూశారా? ఆదివారం సంత జరిగే చోటు. అక్కడ నాలుగో వంతు ఇళ్ళు మామూలు జీతాలవాళ్ళకని ముందే ఒప్పందం. బలవంతం కుదరని చోట ఇలాంటివే దారులు.

మిత్రుడి లెక్క తప్పెక్కడంటే: స్థలం మీద ఎక్కువ ఇళ్ళు కట్టుకోనివ్వడం రిపబ్లికన్లకి కూడా ఇష్టమే. "నా భూమి, నేను కట్టుకుంటాను, నీకేంటి?" అన్నది వాళ్ళ మాటే కదా. ఆస్టిన్ దాన్ని న్యాయం, అద్దెదారులు అన్న పేరుతో చేసింది. శాసనసభ 2025లో ఆస్తి హక్కు, యువ కుటుంబాలు అన్న పేరుతో చేసింది. పెద్ద నగరాల్లో దుకాణాల, ఆఫీసుల స్థలాల్లో అపార్ట్‌మెంట్లు కట్టుకోవడానికి జోనింగ్ మార్చక్కర్లేదని ఒక చట్టం. అయిదెకరాలు దాటిన కొత్త లేఔట్లలో ఒక్కో ప్లాటు 3,000 చదరపు అడుగులకన్నా పెద్దదిగా ఉండాలని నగరాలు పట్టుబట్టకూడదని ఇంకోటి. రెండింటి మీదా సంతకం పెట్టింది గవర్నర్ అబట్. మరి రాష్ట్రం వచ్చి మీ పక్క స్థలాన్ని కాపాడుతుందని ఎదురు చూడటం, ఆర్టీసీ బస్సు కోసం రైల్వే ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం లాంటిది.

ఇప్పుడు డబ్బు. మీ అసలు టెన్షన్ ఇదేనని నాకు అనిపించింది, ఉత్తరం చివర ఒక్క వాక్యంలో పెట్టినా.

మీ ఇంటి ధర తగ్గింది పక్క స్థలం వల్ల కాదు. మీరు కొన్న మూడు నెలలకి, 2022 మేలో, ఆస్టిన్ ప్రాంతంలో మధ్యస్థ ధర సుమారు 5.5 లక్షల డాలర్లకి చేరి అక్కడినుంచి దిగడం మొదలైంది. ఇంటి అప్పు వడ్డీలు మరుసటి ఏడాదికి దాదాపు రెట్టింపయ్యాయి, కొనేవాళ్ళు తగ్గారు. ఇంకోపక్క కొత్త ఇళ్ళు వరదలా వచ్చాయి. అద్దెలు కూడా 2022 తర్వాత రెండంకెల శాతం తగ్గాయి. దేశంలో చాలా పెద్ద నగరాల్లో అద్దెలు ఎక్కుతుంటే ఇక్కడ దిగాయి. అది హోమ్ ఘనత అని కొందరు చెప్పుకుంటున్నారు గానీ, నాకు అది అతి అనిపిస్తుంది. అద్దెలు దించింది హైవేల పక్కన, డౌన్‌టౌన్‌లో, రివర్‌సైడ్‌లో లేచిన పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు. వాటిలో చాలా మటుకు హోమ్‌కి ముందే పునాది పడ్డవి. మూడిళ్ళ స్థలాలు ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి. అవి కూడా కొత్తవి కాబట్టి ఒక్కోటి చవకగా ఏమీ రాదు. ఆ స్థలంలో వచ్చే ఒక్క భవంతి కన్నా తక్కువకి వస్తుంది, అంతే. "ఇది పేదలకి ఇల్లు" అని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. ఇద్దరూ ఉద్యోగం చేసే టీచరు, నర్సు కుటుంబం ఊరి లోపల ఉండటానికి ఒక దారి, అంతవరకే.

పక్కన మూడిళ్ళొస్తే మీ భూమి విలువ పడిపోదు. మీ స్థలంలో కూడా మూడు కట్టొచ్చన్నది దానికి విలువే. వెనక ఒక చిన్న ఇల్లు కట్టి అమ్మానాన్నల్ని తెచ్చుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా? విజయవాడలో నాన్నగారు మెట్లెక్కలేకపోతున్నారు, ఇక్కడ మీతో ఒకే కప్పు కింద నాలుగు నెలలకే మీ ఆవిడకీ అమ్మగారికీ వంటింటి దగ్గర... సరే, మీ ఇంటి సంగతి నాకు తెలియదు. ఆ వీలు మీకూ ఉందని మాత్రం గుర్తుంచుకోండి.

పన్ను: మీరు అందులో ఉంటున్నారు కాబట్టి హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టుకుని ఉండాలి. పెట్టకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. అది ఉంటే పక్క స్థలం ఎంతకి అమ్ముడైనా మీ పన్ను లెక్కకి తీసుకునే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగదు. స్కూలు పన్ను లెక్కకి ఇంటి విలువలోంచి తీసేసే మొత్తాన్ని 2023లో లక్ష డాలర్లకీ, 2025 నవంబర్ ఓటింగుతో 1,40,000కీ పెంచారు. ఇంటి విలువ ఎక్కువ కట్టారని ఏటా మే 15 లోపు ప్రొటెస్ట్ వెయ్యండి. మనవాళ్ళు ఆ పనిలో సిద్ధహస్తులు కాబట్టి ఎక్కువ చెప్పను.

బావమరిది సలహా: లియాండర్ మంచి ఊరే. బడులు, కొత్త ఇళ్ళు, పది నిమిషాల్లో ఇండియన్ కిరాణా, గుడి, ఉగాదికి పచ్చడి పంచుకునే నలుగురు. డౌన్‌టౌన్‌కి 2010 నుంచి రైలు కూడా ఉంది, బావమరిది ఎప్పుడైనా ఎక్కాడో లేదో అడగండి. కానీ మీ లెక్క వేరు. 2022 ఫిబ్రవరిలో తీసుకున్న అప్పంటే వడ్డీ నాలుగు శాతం లోపో, ఆ చుట్టుపక్కలో ఉండాలి. ఇప్పుడు అమ్మితే నష్టానికి అమ్మి, అంతకన్నా ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తీసుకుంటారు. అక్కడ కొత్త కాలనీల్లో నీళ్ళ జిల్లాకని మడ్ పన్ను అదనంగా ఉంటుంది, కొనే ముందు రేటు అడగండి. టోల్ రోడ్డు ఖర్చు నెలనెలా వేసుకోండి. ఇంకోటి, పక్కన ఏం కడతారో అన్న బెంగ అక్కడ ఉండదు నిజమే, హెచ్ఓఏ, అంటే కాలనీ యజమానుల సంఘం, కట్టనివ్వదు కాబట్టి. మీరు తలుపుకి పసుపు రంగు వేసుకోవాలన్నా ఆ కమిటీనే అడగాలి. మీకు ఉద్యోగం అటువైపు మారితేనో, పిల్లల బడి కోసమో వెళ్ళండి. పక్కన మూడిళ్ళు వస్తున్నాయని పారిపోయి మాత్రం వెళ్ళకండి.

హెచ్ఓఏ మాట వచ్చింది కాబట్టి: మీరు కొన్నప్పుడు టైటిల్ కంపెనీ ఇచ్చిన కట్టలో ఆ లేఔటు పాత షరతుల కాగితం ఉంటుంది, తీసి చదవండి. స్థలానికి ఒక్క ఇల్లేనని యజమానుల మధ్య రాసుకున్న షరతు ఇంకా అమల్లో ఉంటే సిటీ నియమం దాన్ని చెరపదు. ఎదురింటావిడ దగ్గర నిజంగా ఆయుధం ఉందంటే అదొక్కటే. వీటిలో కొన్నిటికి గడువు తీరిపోయి ఉంటుంది. ఊళ్ళో పాత లేఔట్ల కాగితాల్లో తెల్లవాళ్ళకి తప్ప అమ్మకూడదన్న పంక్తులు కూడా కనిపిస్తుంటాయి. 1948లో సుప్రీంకోర్టు వాటిని అమలు చెయ్యనివ్వనంది, మీ లేఔటు తర్వాతిదైతే ఉండకపోవచ్చు. కనిపిస్తే ఖంగు తినకండి. మీ ఆవిడకి చూపించండి.

పర్మిట్ కాగితాలు సిటీ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. ప్లాన్‌లో మూడు చూడండి: వాననీరు ఎటు పోతోంది, మీ వైపు పై అంతస్తు కిటికీలు ఎక్కడున్నాయి, ఎయిర్ కండిషనర్ యూనిట్లు ఎక్కడ పెడుతున్నారు. మీ పడగ్గది కిటికీ ఎదురుగా మూడు యూనిట్లు వరసగా పెడితే నిద్ర ఉండదు. ఇప్పుడే అడిగితే చాలామంది బిల్డర్లు జరుపుతారు, కాంక్రీటు పోశాక జరపరు. కంచె ఖర్చు సగం సగం అని ఇప్పుడే రాయించుకోండి.

చివరిగా మీ పెకాన్ చెట్టు. అది అసలు ఎవరి స్థలంలో ఉందో మీరు రాయలేదు. ఎవరిదైనా సరే, ఆస్టిన్‌లో 19 అంగుళాల వ్యాసం దాటిన చెట్టుని పర్మిట్ లేకుండా ముట్టుకోకూడదు. 24 దాటిన పెకాన్ అయితే వారసత్వ వృక్షం కింద లెక్క, కొట్టనివ్వడం ఇంకా కష్టం. దాని వేళ్ళు పాకిన మేర తవ్వడానికి కూడా ఆంక్షలున్నాయి, కంచె అటుపక్క కూడా. పాత ఇల్లు కూల్చే లారీ రాకముందే కొలత రాసి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత తీయండి. 60 అంగుళాలు వస్తే 19 దాటినట్టు, 76 వస్తే 24 దాటినట్టు. అంత లావు చెట్టు చుట్టూ ఒక్కరే టేపు పట్టుకోవడం కుదరదు. శనివారం పొద్దున ఎదురింటావిడని పిలిచి రెండో కొస పట్టుకోమనండి.